కష్టం నాది, పేరు రాయిదా?

మా మేనత్త తాగేది.

ఈ మాట మా ఇంట్లో ఎవరూ గొంతు పెంచి అనరు. "ఆ రోజుల్లో దానికి ఒంట్లో బాగుండేది కాదు" అంటాడు నాన్న. "మీ మావయ్య పోయాక మనిషి కొంచెం తేడా చేసింది" అంటుంది అమ్మ. అత్త మాత్రం పక్క గదిలోంచి కేకేస్తుంది: "తేడా ఏంటి వదినా, తాగేదనే చెప్పు. నోరేం పడిపోదులే!" అందుకే నేనూ ఆ మాటతోనే మొదలుపెట్టాను. నసిగితే ఆమె ఊరుకోదు.

అత్త పని రాళ్లకు సానపట్టడం. మా చిన్నతాతకు, అంటే నాన్నకూ అత్తకూ చిన్నాన్నకు, బజారులో రాళ్ల కొట్టు ఉండేది. ముందు గదిలో అద్దాల బల్ల, దాని వెనక చిన్నతాత, ఆయన వెనక గోడకు పెద్ద అద్దం. ఉంగరం వేలికి పెట్టుకున్నవాళ్లు చెయ్యెత్తి అందులో చూసుకుంటారు. తెర పక్కకు తీస్తే వెనక గది. అక్కడ కిటికీ కింద సానచక్రం, దాని మీద బొట్టు బొట్టుగా పడే నీళ్లు, కాల్చిన లక్క వాసన. కర్ర చివర లక్కతో రాయిని అతికించి, తిరిగే చక్రానికి ఆనించి, ఒక్కో పలకా తీర్చుతూ అత్త పొద్దంతా అక్కడే కూర్చునేది. రాయి మీద చక్రం సరిగ్గా పడుతోందో లేదో చూపు కన్నా చెవికే ముందు తెలుస్తుందనేది. ఆ పనిలో ఉండగా ఎవరు పలకరించినా ఊఁ కొట్టేది కాదు. పొగరు అనుకునేవాళ్లు. కొంత పొగరు కూడా ఉందిలెండి.

చిన్నతాత మాటకారి. ఆయన దగ్గర రాయి కొంటే కథ ఉచితం. ఏ రాయి గురించైనా చెప్పేవాడు కానీ, ఊదా రాయి మాటొచ్చిందంటే ఆయన్ని ఆపడం బ్రహ్మతరం కాదు. అమెథిస్ట్ అంటారే, నేరేడుపండు రంగులో ఉంటుంది, అది.

"గ్రీకు భాషలో ఆ పేరుకి అర్థమేంటో తెలుసాండీ? మత్తెక్కనిది అని!" అంటూ అందుకునేవాడు. "ఈ రాయితో గిన్నెలు చేయించుకుని అందులో తాగేవాళ్లు. ఎంత తాగినా తూలకూడదని. సైనికులు దెబ్బ తగలకుండా కట్టుకునేవాళ్లు. చర్చిల్లో పెద్ద గురువుల వేళ్లకి ఇదే. రాజుల కిరీటాల్లో ఇదే. ఒకప్పుడు కెంపుతో సమానంగా చూసేవాళ్లండీ దీన్ని!"

ఆ తర్వాత రాయిగా మారిన అమ్మాయి కథ. ఒక దేవుడు తాగిన కోపంలో దారిన ఎదురుపడ్డ మొదటి మనిషి మీదికి పులుల్ని వదులుతానన్నాడట. ఎదురుపడింది ఒక అమాయకపు పిల్ల. ఆమెను కాపాడటానికి ఒక దేవత తెల్లటి రాతిబొమ్మగా మార్చేసిందట. మత్తు దిగిన దేవుడు ఏడ్చి, చేతిలో ఉన్న ద్రాక్షసారాని ఆ బొమ్మ మీద పోశాడట. రాయి ఊదాగా మారిందట. ఇది అంత పురాతనమైన కథేం కాదనీ, నాలుగైదు వందల ఏళ్ల కింద ఒక కవి అల్లిందనీ తర్వాత నేను చదివి తెలుసుకున్నాను. చిన్నతాత గొంతులో వింటే మాత్రం సృష్టి మొదలైన నాటిదనిపించేది.

తెర వెనక నుంచి అత్త గొణిగేది: "పిల్లకి ఏం ఒరిగింది? రాయయింది. ఆ పైన సారా కూడా పోశారు."

మావయ్య బస్సుల మరమ్మతు షెడ్డులో పనిచేసేవాడు. భారీ మనిషి, మెల్లటి మాట. ఆయనా అత్తా పని ముగిశాక వంటింటి గట్టు మీద పక్కపక్కన కూర్చుని చెరో గ్లాసు తాగేవాళ్లు. నవ్వుకునేవాళ్లు. ఆ మాట కూడా అత్తే చెప్పింది: "ఆయన తాగించాడని నేను చెప్పను. ఇద్దరం ఇష్టపడే తాగాం. బాగుండేది కూడా." ఒకరోజు మావయ్య షెడ్డులో ఒక చక్రం బిగిస్తూ బిగిస్తూ పక్కకి ఒరిగిపోయాడు. గుండె. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది.

తర్వాత గట్టు మీద అత్త ఒక్కతే. గ్లాసు ఒకటే, కానీ నింపడం రెండింతలు, మూడింతలు. మొదట సాయంత్రాలు, తర్వాత మధ్యాహ్నాలు, ఆ తర్వాత పళ్లు తోముకోకముందే. పొద్దున్నే చేతులు వణికేవి. తాగితే తప్ప వణుకు ఆగేది కాదు. సానపట్టే మనిషికి చెయ్యి వణకడమంటే ఏమిటో వేరే చెప్పాలా?

ఒక ముసలాయన చనిపోయిన భార్య ఉంగరాన్ని తెచ్చాడు. అందులోనూ ఊదా రాయే. రాయి పైన మసకబారింది, మళ్లీ మెరుగుపెట్టమన్నాడు. అత్త రాయిని చక్రానికి ఆనించింది. వణుకు కనిపించకూడదని గట్టిగా నొక్కింది. రాయి వేడెక్కి టప్పున రెండు ముక్కలైంది. ముసలాయన అరిచినా బాగుండేది. ఆయన రెండు ముక్కల్నీ జేబురుమాల్లో మూట కట్టుకుని, కుర్చీ జాగ్రత్తగా బల్ల కిందికి జరిపి, వెళ్లిపోయాడు.

చిన్నతాత అత్తను పనిలోంచి తీసెయ్యలేదు. తిట్టనూ లేదు. మర్నాడు ఒక వెండి ఉంగరం తెచ్చి ఆమె వేలికి తనే తొడిగాడు. బఠాణీ గింజంత ఊదా రాయి, ముదురు రంగు, మచ్చ లేనిది. కొట్టులో ఉన్నవాటిలోకెల్లా మంచిది.

"పెట్టుకో అమ్మా. ఇక నీకు మత్తు అంటదు. నా మాట నమ్ము" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు.

అత్త ఆ ఉంగరం పెట్టుకుంది. పెట్టుకుని తాగింది. "తాగనివ్వదన్నావుగా చిన్నాన్నా, మరి గ్లాసు పట్టుకోవడానికి అదే వేలు అడ్డు రాలేదే!" అని తూలుతూ ఆయన్నే అడిగిందట. ఏడెనిమిది నెలలు ఆ ఉంగరం ఆమె వేలికి ఉండగానే ఆమె అంతకంతకూ దిగజారింది. ఒళ్లు ఉబ్బింది. అన్నం సయించేది కాదు. ఒకనాడు మెట్ల మీద పడి తల పగిలితే నాన్న ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు.

అక్కడ కట్టు కట్టే నర్సు ముందు చేసిన పని ఉంగరం తియ్యడం. వేలు ఉబ్బిపోయి అది రాలేదు. సబ్బు రాసి, దారం చుట్టి, మెలితిప్పి మెలితిప్పి లాగింది. "ఇది మీ దగ్గర ఉంచండి, ఇక్కడ నగలు కుదరవు" అని నాన్న చేతిలో పెట్టింది. నాన్న దాన్ని తిరిగి చిన్నతాతకు ఇచ్చేశాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. అత్త మానేసింది ఉంగరం లేనప్పుడు.

మానడం ఎలా ఉంటుందో నేను చూడలేదు, పిల్లల్ని వార్డులోకి రానివ్వలేదు. అత్త చెప్పింది విన్నాను. మంచం కింద పాములున్నాయని అరిచిందట. నాన్నని గుర్తుపట్టక కొరికిందట. డాక్టరు మందులిచ్చాడు, నర్సు చెంచాతో గంజి పట్టింది, అమ్మ దుప్పట్లు మార్చింది. మా ఇంటికి తెచ్చుకున్నాక ఇంకా కష్టం. సైకిల్ షాపు మీద మేడగదిలో తాగుడు మానిన వాళ్లు, మానాలనుకునేవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటారు. అత్త మొదటిసారి వెళ్లినప్పుడు అంతా మగవాళ్లే. తలుపు దగ్గరే ఆగిపోయింది. లోపలున్న ఒకాయన "ఎవరికోసమమ్మా? మీ ఆయన కోసమా?" అని అడిగాడట. "నా కోసమే" అంది అత్త. కుర్చీ లాక్కుని కూర్చుంది. మధ్యలో ఒకసారి తప్పి మళ్లీ తాగింది. మర్నాడే వెళ్లి ఆ సంగతి వాళ్ల మధ్యే చెప్పింది. ఆ తర్వాత మళ్లీ ముట్టలేదు.

చేతుల వణుకు తగ్గాక సాన దగ్గరికి వచ్చింది. ముందు గాజుముక్కల మీద, తర్వాత చవకరాళ్ల మీద చెయ్యి సవరించుకుంది. పాత పట్టు మెల్లగా తిరిగొచ్చింది. మా ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. అసలు గొడవ అప్పుడు మొదలైంది.

కొట్టుకి ఊదా రాయి కోసం వచ్చేవాళ్లు ఉన్నట్టుండి పెరిగారు. తెర వెనక చక్రం చప్పుడులో అత్తకు ముందు గదిలో మాటలు వినిపించేవి కావు. ఒకరోజు నీళ్లు అయిపోయి చక్రం ఆపింది. చిన్నతాత గొంతు స్పష్టంగా వినిపించింది.

"ఎక్కడో గ్రీకు వాళ్ల సంగతెందుకండీ, మా ఇంట్లోనే సాక్ష్యం ఉంది. మా అన్న కూతురు. పీపాలు పీపాలు తాగేది. ఈ ఉంగరం పెట్టాను. అంతే! ఇవాళ వాసన తగిలితే వాంతి చేసుకుంటుంది!"

అత్త తెర తీసి చూసింది. అద్దాల బల్ల మీద ఆ పాత ఉంగరం, నల్ల మఖ్మలు గుడ్డ మీద. దాని పక్కన కొత్తగా చట్రం కట్టించిన అత్త ఫొటో. ఒక పెళ్లిలో తీసింది, నవ్వుతోంది. కింద పెద్ద అక్షరాలు: తాగుడు మాన్పించిన రాయి.

జనం వెళ్లాక అడిగింది. "చిన్నాన్నా, ఏంటిది?"

"ఏముంది? నిజమేగా?"

"ఉంగరం పెట్టుకుని ఎంత తాగానో నువ్వు చూశావు."

"రాయి పని మొదలెట్టడానికి టైం పడుతుందమ్మా. ఒంట్లోకి దిగాలి కదా."

"ఒంట్లోకి దిగడానికి అదేమన్నా మాత్రా? నర్సు సబ్బు పెట్టి పీకేశాక మానాను నేను."

"అప్పటికే అది చెయ్యాల్సింది చేసేసింది" అన్నాడు చిన్నతాత. అబద్ధమాడుతున్న మొహం కాదు ఆయనది. నిజంగానే నమ్మాడు. తను ప్రేమతో పెట్టిన ఉంగరం వృథా పోయిందని ఒప్పుకోవడం ఆయన వల్ల కాలేదని ఇప్పుడు నాకనిపిస్తుంది.

"కష్టం నాది, పేరు రాయిదా? సొమ్మొకడిది సోకొకడిదన్నట్టుంది" అంది అత్త. "ఫొటో తీసెయ్."

"నీ పేరేం వెయ్యలేదుగా. నలుగురికి మంచి జరుగుతుంటే నీకేంటమ్మా నష్టం?" అన్నాడాయన. ఫొటో అక్కడే ఉంది. నాన్నని అడిగితే, "పోనీలే, పెద్దాయన. నువ్వు తాగి పడిపోయిన రోజుల్లో నీ జీతం ఆపలేదు" అన్నాడు. అదీ నిజమే. ఆ మాట దగ్గర అత్త నోరు మూసుకుంది. కొన్నాళ్లు మూసుకునే ఉంది.

అప్పుడొచ్చింది ఒక ఎలక్ట్రీషియన్ భార్య. సన్నటి మనిషి, పొద్దున్నే తల దువ్వుకునే తీరిక కూడా లేనట్టుంది. పక్కన ఆమె భర్త, కుర్చీలో కూర్చోబెడితే కూర్చున్నాడు, మోకాళ్ల మీద చేతులు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. కొట్టు నిండా జనం. చక్రం తుడుచుకుంటూ అత్త వింటోంది.

"కళ్లు పచ్చబడ్డాయండీ" అంటోంది ఆమె. "డాక్టరు ఇవాళే వార్డులో చేర్చమన్నాడు. ఈయన రానంటున్నాడు. ఆ ఫొటోలో ఆవిడకి రాయితోనే తగ్గిందని మా వీధిలో చెప్పారు. ముందు రాయి పెట్టి చూస్తాం. తగ్గకపోతే అప్పుడు చూద్దాంలే ఆసుపత్రి."

చిన్నతాత ఉంగరాల పళ్లెం బయటికి తీశాడు.

అత్త తెర పక్కకి లాగి ముందుకొచ్చింది. చేతులకి బురదలాంటి సాన మడ్డి, కొంగు నడుముకి బిగించి ఉంది. నేరుగా ఆ భార్యాభర్తల ముందు నిలబడింది.

"ఆ ఫొటోలో ఉన్నది నేనే. బాగా చూడండి."

ఉంగరాలు చూస్తున్నవాళ్లంతా ఇటు తిరిగారు.

"ఆ ఉంగరం వేలికుండగా నేను తాగాను. దాంతోనే గ్లాసు పట్టుకున్నాను. దాంతోనే మెట్ల మీద పడ్డాను" అని జుట్టు పక్కకి తీసి మచ్చ చూపించింది. "నన్ను బతికించింది వార్డు. డాక్టరు, నర్సు, మా వదిన. తర్వాత నేను. రాయి కాదు. అమ్మా, ఈయన చేతులు చూడు. నావీ అలాగే కొట్టుకునేవి. ఇప్పుడు ఇంటికి తీసుకెళ్లావంటే నీ చేతుల్లోనే పోతాడు. లేవండి, నేనూ వస్తాను."

"ఏయ్!" అన్నాడు చిన్నతాత. "నా కొట్టులో నిలబడి, నా అన్నం తింటూ..."

"నీ అన్నం తిన్నాను, కాదనను. కానీ ఆ మొహం నాది" అంటూ అత్త ఫొటో అందుకుంది. చట్రం వెనక మేకు ఊడలాగి ఫొటో బయటికి తీసింది. "నువ్వే చెప్తావుగా చిన్నాన్నా, ఊదా గిన్నెలో నీళ్లు పోసుకుంటే ద్రాక్షసారాలా కనిపించేవనీ, తెలివైన యజమాని అతిథులకి సారా పోసి తను నీళ్లు తాగేవాడనీ. ఆ కథలో తూలనిది ఎవరు? నీళ్లు తాగాలనుకున్న మనిషి! గిన్నె కాదు. మనిషి నిర్ణయం తీసుకుంటే పేరు గిన్నెకి కట్టబెట్టారు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. నేను మాత్రం కట్టబెట్టనివ్వను."

ఒకావిడ అప్పటికే వేలికి పెట్టి చూసుకుంటున్న ఉంగరాన్ని మెల్లగా తీసి పళ్లెంలో పెట్టేసింది. చిన్నతాత పళ్లెం తన వైపు లాక్కున్నాడు. "బయటికి పో" అన్నాడు. "ఇంక ఈ గడప తొక్కకు."

"పోతున్నా" అంది అత్త. ఎలక్ట్రీషియన్ రానని మొరాయించాడు. అత్త వంగి అతని చెవి దగ్గర ఏదో అంది. ఏమన్నావని ఎన్నిసార్లు అడిగినా నాకు చెప్పలేదు. అతను ఏడుస్తూ లేచాడు. ముగ్గురూ ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్లారు.

తర్వాత మా వాళ్లు అన్న మాటలు ఇన్నీ అన్నీ కావు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టిందన్నారు. అన్నం పెట్టిన చేతిని నలుగురిలో నరికిందన్నారు. ఆడది, అందులోనూ తాగుబోతు, దానికి అంత రోషమేంటన్నారు. ఒక పెద్దమ్మ ఇంటికొచ్చి, "చేసిందేదో చేశావు. ఇప్పుడు దాన్ని బజారున పెట్టుకోవడం ఎందుకే? రాయి పుణ్యమంటే పరువన్నా దక్కేది" అంది.

"రాయి పుణ్యమంటే రేపు రాయి పోగానే మళ్లీ తాగాలి. నా పుణ్యమంటే నేనున్నన్నాళ్లూ ఉంటుంది. పరువు నువ్వుంచుకో పెద్దమ్మా" అంది అత్త. పెద్దమ్మ టీ కూడా తాగకుండా లేచింది.

మా ఇంటి వరండాలో పాత సానచక్రం ఒకటి బిగించుకుంది. మొదట్లో ఎవరూ పని ఇవ్వలేదు. చిన్నతాతకు కోపం తెప్పించిన మనిషికి పని ఇవ్వడానికి బజారులో వాళ్లు జంకారు. అత్త కిటికీ అద్దాలు కోసింది, కత్తులకు పదును పెట్టింది. ఎవరైనా "అక్కడే సర్దుకుపోతే ఈ తిప్పలుండేవా?" అంటే, "ఉండేవి కావు. అయినా సర్దుకోను" అనేది. కత్తుల నుంచి మళ్లీ ఒకటీ అరా రాళ్లు రావడం మొదలైంది.

ఎలక్ట్రీషియన్ బతికాడు. ఇక్కడ కథ సుఖాంతమని నేను రాసెయ్యొచ్చు. కానీ అతను ఇంటికొచ్చి మళ్లీ తాగాడు. మళ్లీ వార్డు. మళ్లీ తాగాడు. అతని భార్య ఒకరోజు అత్త దగ్గరికొచ్చి, "మీ మాట విన్నాను, ఏమైంది? రాయన్నా కొనుక్కుని ఉంటే ఆశన్నా మిగిలేది" అని మొహం మీదే అనేసింది.  అత్త ఆమెను కూర్చోబెట్టి అన్నం పెట్టింది. తర్వాత మేడగది మెట్ల దాకా ఆ మొగుడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది, ఒకసారి కాదు, అతను పైకి ఎక్కేదాకా. ఇప్పుడతను పనికి వెళ్తున్నాడు. రేపటి సంగతి ఎవరికీ తెలియదని అత్త అంటుంది. తన సంగతి కూడా అంతేనట.

చిన్నతాత రెండేళ్లు మా గుమ్మం వైపు చూడలేదు. చివరికి ఒక మధ్యాహ్నం వచ్చాడు. కళ్లద్దాలు మందమయ్యాయి. సంచిలోంచి గుడ్డమూట తీసి వరండాలో పరిచాడు. సానపట్టని ఊదా రాళ్లు, దోసెడు. లోపల నేరేడు రంగు, అంచుల్లో తెలుపు.

"ఎవరి చేతికిచ్చినా పాడుచేస్తున్నారు" అన్నాడు అత్త మొహం చూడకుండా.

అత్త ఒక రాయి ఎత్తి వెలుతురుకి పెట్టి చూసింది.  "దక్షిణ అమెరికాలో గనులు బయటపడి గుట్టలు గుట్టలుగా దొరికాక దీన్ని చవకరాయి అన్నారు. రాయి అదే. అదే రంగు. దొరకనప్పుడు నెత్తిన పెట్టుకున్నారు, దొరికాక మొహం తిప్పుకున్నారు. దీని గురించి మనుషులు చెప్పినవన్నీ మనుషుల సంగతులే" అంది. "చేస్తాను చిన్నాన్నా. ఒక్క షరతు. ఇది తాగుడు మాన్పించదని కొనేవాళ్లకి నీ నోటితో చెప్పాలి."

"అలా చెప్తే ఎవరు కొంటారే?"

"అందంగా ఉందనుకున్నవాళ్లు."

"నేను నమ్మేది నేను నమ్ముతాను."

"నమ్ముకో. ఆ నమ్మకాన్ని అమ్మకు."

ఆయన మూట మళ్లీ కట్టాడు. గేటు దాకా వెళ్లాడు. తిరిగొచ్చి మూట చక్రం పక్కన పెట్టి, "మొండిఘటం! అచ్చం మా అన్నే!" అని తిట్టుకుంటూ వెళ్లిపోయాడు.

మాట నిలబెట్టుకున్నాడో లేదో చూడమని అత్త నన్ను కొట్టుకి పంపింది. చిన్నతాత ఒక జంటకి ఉంగరం చూపిస్తున్నాడు. "గ్రీకు భాషలో దీని పేరుకి మత్తెక్కనిది అని అర్థమండీ. కానీ ఇది తాగుడు మాన్పించదు. మా అమ్మాయి అలా చెప్పమంది, చెప్తున్నాను. దానికి ఆసుపత్రి ఉంది. దీనికేమో అందం ఉంది. ఇక ఆ రాతిబొమ్మ కథ చెప్పమంటారా?" ఆ మాటలంటున్నప్పుడు ఆయన మొహం చేదుమాత్ర మింగినట్టుంది. వాళ్లు మాత్రం నవ్వి, ఉంగరం కొనుక్కున్నారు.

అత్త తన కోసం ఆ మూటలోంచి రెండు రాళ్లు అడిగి తీసుకుని, చెవులకు పెద్ద పెద్ద దిద్దులు చేయించుకుంది. నలుగురిలోకి వెళ్లినప్పుడల్లా అవే. మొన్న బస్సులో పక్కన కూర్చున్నావిడ వాటిని చూసి, అత్త ఎవరో గుర్తుపట్టి, గొంతు తగ్గించి అడిగింది: "అవి తాగకుండా ఉండటానికాండీ?"

బస్సు మొత్తం వినిపించేలా అత్త జవాబిచ్చింది: "తాగకుండా ఉండటానికి నేనున్నాను. ఇవి నా మొహానికి నప్పాయి, పెట్టుకున్నాను."